అమ్మ కాఫీకి, థైరాయిడ్ మాత్రకి మధ్య ఒక గంట

పోయినేడు సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు చూశాను. పొద్దున్న ఐదున్నరకి అమ్మ లేచింది, రాత్రి వేసి ఉంచిన ఫిల్టర్లోంచి డికాషన్ తీసింది, పాలు కాచింది, స్టీలు గ్లాసులో కాఫీ కలుపుకుంది. వంటింటి కిటికీలో ఎండ పడే చోట పెట్టిన థైరాయిడ్ సీసా తీసి ఒక మాత్ర నోట్లో వేసుకుని ఆ కాఫీతోనే మింగేసింది. వెంటనే పక్కనున్న స్ట్రిప్ లోంచి క్యాల్షియం మాత్ర, రెండో గుక్కతో అదీ అయిపోయింది.

"అమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఇలా వేసుకుంటున్నావు?" అంటే, "మొదట్నుంచీ ఇంతే. పరగడుపున వేసుకోమన్నారు, పరగడుపునే కదా వేసుకుంటున్నాను, టిఫిన్ తిన్నానా ఏమైనా" అంది. తన లెక్కలో తను కరెక్టే. కాఫీని తిండి కింద ఎవరూ లెక్కెయ్యరు మా ఇంట్లో.

అమ్మకి థైరాయిడ్ తక్కువగా ఉందని తెలిసి పదకొండేళ్ళయింది. 25 మైక్రోగ్రాములతో మొదలై 50, 75, చివరికి 100 కి వచ్చింది, అయినా ఆ నెలలో చేయించిన టెస్టులో టీఎస్‌హెచ్ 11.4 (ఒంట్లో థైరాయిడ్ ఎంత తక్కువైతే రక్తపరీక్షలో ఈ నంబరు అంత పెరుగుతుంది). ఎప్పుడూ చలి, మొహం ఉబ్బరింపు, నాలుగు రోజులకోసారి విరేచనం, మధ్యాహ్నం కూర్చున్న చోటే నిద్ర. వయసు కదా అనుకుని ఊరుకున్నాం. ఈసారి నేనే తోడు వెళ్ళి, ఆ డాక్టరుగారు ఇంకో 25 పెంచబోతుంటే పొద్దున్న చూసింది చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేసి, డోసు మార్చను, వేసుకునే తీరు మార్చి రెండు నెలల తర్వాత రండి అన్నారు.

సంగతేమిటంటే ఈ లెవోథైరాక్సిన్ అనే మందు చాలా సున్నితమైనది. మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్క. పేగులోంచి రక్తంలోకి వెళ్ళాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. కాఫీ అడ్డు పడుతుంది, పాలు అడ్డు పడతాయి, ఇక క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే ఆ మందుని పట్టుకుని పేగులోనే ఆపేస్తాయి. అందుకే మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తాగకూడదు, తినకూడదు, క్యాల్షియం, ఐరన్ అయితే కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. మన ఇళ్ళలో ఇంకోటుంది, గ్యాస్ మాత్ర. అదీ పరగడుపే, ఇదీ పరగడుపే అని రెండూ కలిపి వేసేసుకుంటారు. కడుపులో ఆమ్లం తగ్గించే ఆ మాత్రల వల్ల కూడా థైరాయిడ్ మందు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు, రోజూ వేసుకునేవాళ్ళు డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పాలి.

అమ్మ మాత్రకి, కాఫీకి మధ్య గంట పెట్టాం. ఎండ, వేడి తగలకుండా సీసా కిటికీలోంచి తీసి బీరువాలో పెట్టాం. క్యాల్షియం మధ్యాహ్నం భోజనానికి మారింది. మొదటి వారం ఆ గంట తనకి నరకమే, తలనొప్పి అంది, విసుక్కుంది, ముగ్గేసి వచ్చి గడియారం చూసేది. రెండు నెలలకి అదే 100 మైక్రోగ్రాముల మీద టీఎస్‌హెచ్ 3.2 కి దిగింది. చలి తగ్గింది, మలబద్ధకం చాలావరకు పోయింది. తిండిలో ఒక్క పదార్థం కూడా మార్చలేదు, తీసెయ్యలేదు.

(ఒక జాగ్రత్త. ఇలా టైమింగ్ సరిచేశాక మందు ఎక్కువ ఒంటబడుతుంది కాబట్టి పాత డోసు ఒక్కోసారి ఎక్కువైపోవచ్చు. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఆగకుండా చూపించుకోండి, ఏమీ లేకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి టెస్ట్ చేయించండి. గంట ఆగడం ఎలాగూ కుదరనివాళ్ళకి రాత్రి భోజనమయ్యాక మూడు గంటలు ఆగి వేసుకునే పద్ధతి ఉంది, అదీ డాక్టర్ని అడిగే.)

ఇక నా సంగతి. నాకు రెండో కాన్పు తర్వాత బయటపడింది. మాత్ర సరిగ్గానే వేసుకునేదాన్ని కానీ తిండి విషయంలో ఏడాదిపాటు వీడియోలు చెప్పిందల్లా చేశాను. క్యాబేజీ మానేశాను, కాలీఫ్లవర్, ముల్లంగి మానేశాను. పొద్దున్నే ధనియాల నీళ్ళు, తర్వాత మెంతులు నానబెట్టిన నీళ్ళు. మాత్ర వేసుకున్న పావుగంటకే ఇవన్నీ, అంటే ఒక చేత్తో వేసి ఇంకో చేత్తో తీసేసినట్టే. ధనియాల నీళ్ళు తాగితే నష్టమేమీ లేదు, కానీ పనిచెయ్యని గ్రంథిని అవి పనిచేయించలేవు. ఇది నమ్మి మాత్ర ఆపేసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. దయచేసి అలా చెయ్యకండి.

క్యాబేజీ భయం ఎక్కడిదంటే, అది పూర్తిగా గాలి కబురు కాదు. 1928 లో అమెరికాలో ప్రయోగశాల కుందేళ్ళకి క్యాబేజీ మేతగా పెడితే వాటికి గొంతు దగ్గర గ్రంథి ఉబ్బింది. ఆ జాతి కూరల్లో ఉండే కొన్ని పదార్థాలు గ్రంథికి అయోడిన్ అందకుండా చేస్తాయి. 2010 లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసులో 88 ఏళ్ళ పెద్దావిడ చైనా క్యాబేజీ రకాన్ని రోజుకి కిలో, కిలోన్నర చొప్పున, అదీ పచ్చిది, నెలల తరబడి తిని ప్రాణం మీదకి తెచ్చుకున్నారు. కిలో పచ్చి క్యాబేజీ మనలో ఎవరు తింటారు? మనం చేసే క్యాబేజీ పెసరపప్పు కూర ఉడికి, మగ్గి, పోపు పడి కంచంలోకి వచ్చేసరికి ఆ పదార్థాల బలం చాలా తగ్గిపోతుంది, మనం తినేదీ ఒక గరిటెడు. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో దానికి భయపడక్కర్లేదు. అమ్మ అయితే "ఆవాలు కూడా ఆ జాతే అంటున్నావు, మరి ఆవకాయ?" అని నిజంగా దిగులుగా అడిగింది. అన్నంలో ఒక ముక్క, కాస్త పిండి కలుపుకుంటే ఏమీ కాదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూరకీ అదే మాట.

ఉప్పు దగ్గర మాత్రం నేను నిజంగానే తప్పు చేశాను. మంచిదని చెప్పి సైంధవ లవణం తెచ్చి ఏడాది వాడాను. గులాబీ రంగులో ఉంటుంది, ఖరీదు ఎక్కువ, కానీ అందులో అయోడిన్ కలపరు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు కూడా అదే తిన్నారు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, కడుపుతో ఉన్నవాళ్ళకి 250. మన దేశంలో ఇంటికి చేరే ఉప్పులో గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలన్నది నియమం. ఆ ఉప్పు మన వంటింట్లోకి ఊరికే రాలేదు. శ్రీకాకుళంలోనే 1921 లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న మనిషి, 1956 నుంచి హిమాచల్ కాంగ్రా లోయలో ఏళ్ళ తరబడి పనిచేశారు. అక్కడ పిల్లలకీ పెద్దలకీ గొంతు వాపు. లోయని భాగాలు చేసి కొన్నిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్న చోట వాపు తగ్గుతూ వచ్చింది. 1962 లో జాతీయ గాయిటర్ (అంటే ఆ గొంతు వాపే) నివారణ కార్యక్రమం మొదలైంది. మా ఊళ్ళో పుట్టిన పెద్దాయన అంత కష్టపడి దేశానికి తినిపించిన ఉప్పుని నేను వీడియో చూసి ఇంట్లోంచి తీసేశాను.

అలాగని అయోడిన్ ఎక్కువ తింటే ఎక్కువ మేలని కాదు. అయోడిన్ చాలినంత దొరికే చోట పెద్దవాళ్ళకి వచ్చే థైరాయిడ్ లోపానికి ముఖ్య కారణం హషిమోటో అనే జబ్బు, మన ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తుంది. నాదీ అదే. అలాంటివాళ్ళకి అయోడిన్ మోతాదు మించితే గ్రంథి ఇంకా మందగించే ప్రమాదం ఉంది. అమెరికా నుంచి వచ్చిన మా పిన్ని కూతురు ప్రేమగా కెల్ప్ మాత్రల సీసా ఇచ్చింది, అంటే సముద్రపు నాచు, అయోడిన్ దండిగా ఉంటుంది. డాక్టరమ్మ చూసి వెంటనే పక్కన పెట్టించారు. మామూలుగా దొరికే అయోడిన్ ఉప్పు, వారానికి రెండుసార్లు సముద్రపు చేప, గుడ్డు, పాలు, అంతే చాలన్నారు. గోధుమ మానెయ్యాలా అంటే, గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉంటేనే, ముందు దానికి టెస్ట్ చేయించుకున్నాకే అన్నారు. ఆ జబ్బు మాలాంటివాళ్ళలో కాస్త ఎక్కువ కాబట్టి అడగడంలో తప్పు లేదు.

సిరిధాన్యాల గురించి అడిగేవాళ్ళు చాలామంది. మావైపు చోళ్ళంటాం, రాగులు. చోడి అంబలి తాగి పెరిగినదాన్ని, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, కాబట్టి మాత్ర వేసుకున్న వెంటనే రాగిజావ వద్దు, పదకొండింటికి తాగండి. సజ్జల్లో మాత్రం థైరాయిడ్‌కి అడ్డు పడే పదార్థాలు ఉన్నాయని సుడాన్‌లోని డార్ఫర్ ప్రాంతం మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అక్కడ అయోడిన్ కూడా తక్కువే. అప్పుడప్పుడు ఒక సజ్జ రొట్టెతో ఏమీ కాదు, మూడు పూటలా ఆరు నెలలు సజ్జలే తినడం మాత్రం థైరాయిడ్ ఉన్నవాళ్ళు మానుకోవాలని నా అభిప్రాయం. సోయాతో చేసే మీల్ మేకర్ కూడా అంతే, కూరగా తినొచ్చు, మాత్ర దగ్గరికి రానివ్వకూడదు.

అసలు నా నీరసం వీటిలో దేని వల్లా కాదని ఏడాది తర్వాత తెలిసింది. టీఎస్‌హెచ్ 2.8, అయినా రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. అప్పటిదాకా ప్రతిదీ థైరాయిడ్ ఖాతాలో వేసేసేదాన్ని. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.9, ఉండాల్సింది 12. గ్రంథి హార్మోన్ తయారు చేసుకోవడానికి కూడా ఐరన్ కావాలట, ఆ రోజే మొదటిసారి విన్నాను. ఐరన్ మాత్ర రాత్రికి పెట్టుకున్నాను, థైరాయిడ్ మాత్రకి దూరంగా. ఆఫీసులో అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానేశాను, టీ ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, సాయంత్రం ఉడికించిన శనగలు, ఆదివారం మేక కార్జం వేపుడు, ఉలవచారు. మూడు నెలలకి మెట్లు మామూలుగా ఎక్కాను. ఆరు నెలలకి జుట్టు రాలడం తగ్గింది. థైరాయిడ్ నంబరు బాగుండి కూడా ఒంట్లో బాగోలేదంటే, ఇంకో పథ్యం వెతికే ముందు హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి చూపించుకోండి.

జుట్టుకి అని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడేవాళ్ళు టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. కొన్ని ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదాని కన్నా తక్కువగా చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

బరువు గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి నాలుగున్నర కిలోల దాకా, అందులో ఎక్కువ ఒంట్లో నిలిచిన నీరు, ఉప్పే. నాకు పన్నెండు కిలోలు పెరిగింది. మందు సరిపడ్డాక మూడు తగ్గింది. మిగతా తొమ్మిదీ రాత్రి పదింటికి తినే అన్నానివి, పిల్లలు వదిలేసిన ముద్దలవి. అన్నం సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచాను, ఎనిమిదింటికల్లా తినేస్తున్నాను, నెమ్మదిగా దిగుతోంది. మలబద్ధకానికి కూరలు, నీళ్ళు, నడక పనిచేశాయి, కానీ ఇసబ్‌గోల్ లాంటి పీచు పొడులు వాడితే వాటినీ మాత్రకి దూరంగా పెట్టాలి.

మొన్న కార్తీక మాసంలో నాన్న ఫోన్ చేసి, మీ అమ్మ సోమవారాలు మాత్ర వేసుకోవట్లేదమ్మా అని చెప్పారు. చుక్కలు చూసేదాకా ఉపవాసం కదా, మాత్ర వేసుకుంటే ఉపవాసం పోతుందని అప్పటికి రెండు సోమవారాలు మానేసింది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి ఒక్క రోజుకి మునిగిపోయేదేమీ లేదు, కానీ పదకొండేళ్ళుగా తను పడిన ఇబ్బంది గుర్తొచ్చి నాకు మనసు ఒప్పలేదు. నీళ్ళు తాగుతావు కదమ్మా, ఆ నీళ్ళతోనే వేసుకో అన్నాను. వినలేదు. శివాలయం పంతులుగారిని అడిగి చెప్తానంది. మందుకి దోషం లేదమ్మా అన్నారట ఆయన.

మూడో సోమవారం పొద్దున్న ఐదున్నరకి నేనే ఫోన్ చేశాను. "వేసుకున్నానే, నాగావళికి వెళ్తున్నాం స్నానానికి, ఈవేళ కాఫీ కూడా లేదు కాబట్టి నీ గంట లెక్క కూడా అక్కర్లేదు" అని పెట్టేసింది.