వాన లెక్కల షీటు: జూన్ నెల తిప్పలు

జులై 2, 2025

డాబా మీద రెయిన్‌గేజ్ (వాన కొలిచే పాత్ర) పెట్టి నెల నిండింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారమే రోజూ పొద్దున 8.30కి కొలవడం, ఎక్సెల్‌లో 'ఏ' కాలమ్‌లో తేదీ, 'బి' కాలమ్‌లో మిల్లీమీటర్లు వేయడం. ఇవాళ జూన్ మొత్తం వేస్తే 45,886.4 వచ్చింది! అంటే 45 మీటర్ల వాన. మా డాబానే కాదు, పక్కనున్న ఐదంతస్తుల అపార్ట్‌మెంటూ మునగాలి.

జులై 3

తప్పెక్కడో వెతకడానికి బి కాలమ్ మీద ఎక్సెల్ ఫార్ములాలు రెండు వేశాను. కౌంట్ అంకెలున్న గళ్ళనే లెక్కపెడుతుంది, కౌంట్‌ఏ ఖాళీ కాని వాటన్నిటినీ. మొదటిది 24, రెండోది 29. ఐదు గళ్ళలో అక్షరాలున్నాయన్నమాట, ఒకటి ఖాళీ. పక్క కాలమ్‌లో, గడిలో ఉన్నది అక్షరాలేనా అని చూసే =ఐఎస్‌టెక్స్ట్(బి2) పెట్టి కిందికి లాగితే ఆ ఐదూ ట్రూ అంటూ బయటపడ్డాయి. నేను ఊళ్ళో లేని వారం నాన్న ఎక్కించినవే: "8.2 మి.మీ.", "14 మి.మీ.", "3.6 మి.మీ.", రెండు చోట్ల "వాన లేదు". మనిషి చదవడానికి ఇంతకన్నా చక్కగా ఎవరు రాస్తారు? మొత్తం వేసే సమ్ మాత్రం అలాంటి గడిని చప్పుడు చేయకుండా దాటేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. అలా 25.8 మి.మీ. గల్లంతు.

కానీ దీనివల్ల మొత్తం తగ్గాలి గానీ పెరగకూడదు. మరి ఆ 45 వేలు ఎక్కడివి?

జులై 5

దొరికింది, నా నిర్వాకమే. 12.5 బదులు 12-5 అని కొట్టాను. ఎక్సెల్ దాన్ని మే 12 అనుకుంది. గడిలో "12-మే" అని కనిపిస్తూనే ఉంది, నా కంటికే ఆనలేదు. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కేసే ఎక్సెల్‌కి 2025 మే 12 అంటే 45,789. తేదీ కూడా దానికి అంకే కాబట్టి, ఉన్నది అంకేనా అని చూసే ఐఎస్‌నంబర్ పెట్టినా ట్రూ అంది. రకం ఒక్కటే చూస్తే చాలదని, అంకె 0 నుంచి 300 లోపు ఉందా అని కూడా చూసేలా మార్చాను:

=అండ్(ఐఎస్‌నంబర్(బి2),బి2>=0,బి2<=300)

ఫాల్స్ వస్తే కండిషనల్ ఫార్మాటింగ్‌తో (షరతును బట్టి గడికి రంగు వేసే సదుపాయం) ఎర్ర రంగు. "వాన లేదు" తీసేసి 0 వేశాను. కొలవడం మరిచిన రోజు ఖాళీగానే ఉంచాను, ఎందుకంటే సగటు తీసే యావరేజ్ 0ని కలుపుకుంటుంది, ఖాళీని వదిలేస్తుంది. దానికీ ఎర్ర రంగు పడుతోంది, పడనీ. సవరించాక జూన్ మొత్తం 135.7 మి.మీ.

జులై 6

గడిలో ఏం కొట్టొచ్చో కట్టడి చేసే డేటా వాలిడేషన్‌లో డెసిమల్ (దశాంశ సంఖ్య), 0 నుంచి 300 పెట్టాను. నాన్న "4 మి.మీ." కొట్టగానే ఆపేసింది. "దీనికి మి.మీ. అంటే పడదేమిట్రా" అన్నారు. కాలమ్ తలమీదే మి.మీ. అని రాశాను. వాట్సాప్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం వాలిడేషన్ అడ్డుకోదు. అందుకే ఎర్ర రంగు తీయలేదు.