నూట నలభై ఫొటోల్లో మిగిలినవి మూడు

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో, స్కూబా డైవింగ్‌కి మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు అయిపోయిన మర్నాడే కెమెరా పట్టుకుని సముద్రంలోకి దిగాను. తొందరపడ్డాను. (2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ అక్కడ నాకు వినబడిందల్లా హేవ్‌లాకే.) స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఒలింపస్ టీజీ-6 అది. ఉన్నదున్నట్టుగా 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది, కోర్సు పాసయ్యాక ఇచ్చిన కార్డు మీదేమో 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు, అందుకని హౌసింగ్, అంటే నీళ్లు చొరకుండా కెమెరాకి తొడిగే డబ్బా, కూడా తీసుకెళ్లాను. ముందురోజు రాత్రి గదిలో ఫ్యాన్ ఆపేసి, హౌసింగ్ మూత దగ్గర నీళ్లు ఆపే రబ్బరు ఓ-రింగ్ తీసి తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, ఖాళీ హౌసింగ్‌ని బకెట్లో ముంచి చూశాను. ఒక్క వెంట్రుక అడ్డుపడినా కెమెరా పోయినట్టే, అదీ మనది కాని కెమెరా!

ఇంతా చేస్తే, కష్టమంతా కెమెరాతో కాదు, నాతోనే.

నీమో రీఫ్‌లో ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, లోతు తక్కువ. ఒక చిలుక చేప కనబడగానే, ఫొటో కదలకూడదని ఊపిరి బిగబట్టాను. స్కూబాలో మొట్టమొదట నేర్పేదే ఊపిరి బిగబట్టొద్దని! ఊపిరితిత్తుల నిండా గాలి ఉండేసరికి పైకి తేలిపోయాను, కంగారుపడి గాలి వదిలితే కిందికొచ్చి కాళ్లకి తొడుక్కున్న ఫిన్‌లతో ఇసుకంతా లేపాను, అదే క్షణంలో ఫ్లాష్ వెలిగింది. ఫొటోలో చేప లేదు, పెళ్లిలో అక్షింతలు చల్లినట్టు తెల్లటి చుక్కలే. పైగా ఇన్‌స్ట్రక్టర్‌కి 'బాగానే ఉన్నా' అని బొటనవేలు ఎత్తి చూపించాను, డైవింగ్‌లో దాని అర్థం 'పైకి వెళ్దాం' అని. ఆయన నిజంగానే పైకి బయల్దేరాడు. మళ్లీ దిగాక కెమెరా తీసుకుని తన జాకెట్‌కి తగిలించుకున్నాడు.

రెండో రోజు కెమెరా లేదు. ఒకేచోట తేలుతూ, చేతులు ఆడించకుండా నిలబడటమే పని. విసుగొచ్చింది, కానీ ఊపిరితోనే ఒక జానెడు పైకీ కిందికీ జరగొచ్చని ఆ రోజే ఒంటికి తెలిసింది.

మూడో రోజు పడవలో లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లాం. 10 మీటర్లు దాటేసరికి నా ఎర్ర ఫిన్‌లు బూడిదరంగులోకి మారిపోయాయి, నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. జూమ్ వద్దు, మూరెడు దూరం దాకా వెళ్లి తియ్యి అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. మధ్యలో నీళ్లు ఎంత తక్కువుంటే రంగు అంత దక్కుతుందట. పువ్వులా కనబడే సముద్రజీవి అనిమోన్ ముందు కదలకుండా ఆగితే, అందులో కాపురముండే క్లౌన్ ఫిష్ తనే లెన్స్ మీదికి దూసుకొచ్చింది. తన ఇంటి ముందు నిలబడ్డానని కోపం.

విమానం ఎక్కే ముందు 18 గంటలు ఆగాలి కాబట్టి ఆఖరి రోజు డైవింగ్ లేదు. జెట్టీ మీద కూర్చుని 140 ఫొటోలు చూసుకుంటూ ఒక్కొక్కటే తీసేస్తున్నాను. మా పడవ నడిపిన పెద్దాయన, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, పక్కన చేరాడు.

"ఏటి బావూ, ఏటైనా పడ్డాయా?"

క్లౌన్ ఫిష్‌ని చూపించాను. కళ్లు చికిలించి కాసేపు చూశాడు.

"ఇది కూరకి పనికిరాదు."