వంగిన పిన్నుల డబ్బా

అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన నాదొక చిన్న వర్క్‌షాప్. జీపులకు, మినీ బస్సులకు సీట్లు, బెల్టులు బిగిస్తాం. బండి గుద్దుకున్న క్షణంలో బెల్టును వెనక్కి లాగి ఒంటికి బిగించే స్ప్రింగ్ టెన్షనర్ ఒకటి తయారుచేసి పేటెంటుకు పెట్టాను. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో పెడితే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలే. పరీక్షకు, ఏజెంటుకు అయ్యే ఖర్చు వేరే.

కొన్నాళ్లకు ఎఫ్‌ఈఆర్, అంటే పేటెంటు ఆఫీసు పంపే తొలి పరీక్ష నివేదిక, వచ్చింది. కొత్తదే గానీ, ఆ పని తెలిసినవాడికి ఎవరికైనా తట్టేదే అని దాని సారాంశం. డీ1, డీ2 అని రెండు పాత పేటెంట్లు చూపించారు. డీ1లో స్ప్రింగ్ టెన్షనర్. డీ2లో బరువులెత్తే హాయిస్టు, దాని పళ్ల చక్రం వెనక్కి తిరగకుండా ఆపే రెండు కొక్కేలు.

నా బెల్టు చుట్టుకునే చక్రానికి 24 పళ్లు. ఒక్క కొక్కెమే ఉంటే అది పంటిలో పడేలోపు బెల్టు 5 మిల్లీమీటర్ల దాకా వెనక్కి జారొచ్చు. అర పన్ను తేడాతో రెండోది పెడితే ఆ జారుడు సగమవుతుంది. ఇదే నా గొప్ప అనుకున్నా. డీ2లో అచ్చం అదే ఉంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఏజెంటు సార్ 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెప్పారు. గిన్నెలను లేత్‌పై బిగించి పట్టుకునే పరికరం కేసు అది. వర్క్‌షాప్‌లో చేసుకునే మామూలు మార్పు పేటెంటుకు చాలదన్నారట. నాదీ వర్క్‌షాపే కదా, ఇంకా భయమేసింది. "రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది. చేసేటప్పుడు మీరు ఎక్కడ ఇరుక్కున్నారో అది చెప్పండి" అన్నారు.

ఇరుక్కున్నది కొక్కెం తిరిగే పిన్ను దగ్గర. అర పన్ను తేడా పెట్టాక బరువంతా ఎప్పుడూ ఒక్క కొక్కెం మీదే పడేది, దాని పిన్ను వంగేది. లావు పిన్ను వేశాం, అదీ వంగింది. చివరికి కొక్కెం హోల్‌నే పిన్ను కంటే పెద్దది చేశా. దెబ్బ పడగానే కొక్కెం కాస్త వెనక్కి జరిగి, దాని మడమ పెట్టె గోడకు ఆనుతుంది. బలం గోడకు పోతుంది, పిన్నుకు కాదు. అప్పట్లో మా ఫిట్టర్ అన్న నన్ను తిట్టినంత పని చేశాడు: "యాడన్నా హోల్ లూజు పెడ్తారా సామీ? టైటు చేసేదే కదా మన పని!"

ఈ మాట విని ఏజెంటు సార్ కుర్చీలో ముందుకు జరిగారు. పని తెలిసినవాడే వద్దన్నాడంటే, అది అందరికీ తట్టేది ఎలా అవుతుంది? ఆరు నెలల గడువులోపు జవాబు పెట్టాం. డబ్బాలో పారేసిన వంగిన పిన్నులకు ఫొటోలు తీసి జతచేశాం.

హియరింగ్ వీడియోలో. మధ్యలో కరెంటు పోయి, ఫోన్ హాట్‌స్పాట్‌తో మళ్లీ చేరా. పేటెంటు ఆఫీసు కంట్రోలర్ గారు ఒకటే అడిగారు: "హాయిస్టులో ఆ లూజు లేదా?" డీ2 బొమ్మ చూపించా, అందులో పిన్ను హోల్‌కు బిగువుగా ఉంది. రెండు కొక్కేల మీద హక్కు వదులుకుని, లూజు హోల్, గోడకు ఆనే మడమ కలిసిన భాగానికే క్లెయిమ్ (మేం హక్కు కోరే భాగం) కుదించి 15 రోజుల్లోపు రాతపూర్వకంగా పంపాం.

పేటెంటు గ్రాంట్ వచ్చింది, అడిగినదాంట్లో సగానికి. ఫిట్టర్ అన్న ఆ పిన్నుల డబ్బాను స్క్రాపులో వేయబోతే ఆపాను. గ్రాంట్ ప్రకటించాక ఏడాదిలోపు దాంతో సంబంధం ఉన్నవాళ్లు అభ్యంతరం పెట్టొచ్చట.