వాంతుల ఇంజెక్షన్ తర్వాత గొంతు బిగుసుకుపోయింది: నా అనుభవం

కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి వాంతులు ఆగకపోతే దగ్గర్లో క్లినిక్‌లో మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు, అవే మాత్రలు కూడా రాసిచ్చారు, వేసుకున్నా, వాంతులు తగ్గాయి. మర్నాడు సాయంత్రం నాలుక మొద్దుబారినట్టు అయ్యింది, దవడ ఒక పక్కకి లాగేస్తోంది, కాసేపటికి మెడ వెనక్కి విరుచుకుపోయి కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, కిందకి దించుదామన్నా దిగట్లేదు. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది. పెద్దమ్మ గాలి సోకిందని అనడం, అమ్మ ఏడవడం అన్నీ వినిపిస్తున్నాయి.

అసలు భయం వేసింది గొంతు పట్టేసినప్పుడు. గాలి పీల్చినప్పుడల్లా కీచుమని శబ్దం, మాట పెగలట్లేదు, ఉమ్మి కూడా మింగలేకపోతున్నా.

క్యాజువాలిటీలో ఆక్సిజన్ పెట్టి ముందు అలర్జీ అన్నారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినా ఏం తేడా లేదు, ఇంకొకాయన టెన్షన్ వల్లేమో అన్నారు. ఊపిరాడనోళ్ళకి టెన్షన్ ఉండదా అండీ? అప్పుడు ఒక డ్యూటీ డాక్టరమ్మ వచ్చి దద్దుర్లు లేవు, పెదాలు వాయలేదు, ఈ మధ్య ఏం మందులు వాడారు అని అడిగారు. నాన్న జేబులోంచి చీటీ తీసిచ్చారు. అది చూడగానే డిస్టోనియా, అంటే మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం అని చెప్పి, దానికి విరుగుడుగా ఫెనర్గన్ ఇంజెక్షన్ ఇప్పించారు. కాసేపటికే ముందు గొంతు వదిలింది, తర్వాత మెడ, చివరికి కళ్ళు.

మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుందట, దాంతో కొందరికి కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి, వయసులో ఉన్నవాళ్ళకి ఎక్కువ. స్వరపేటిక కండరాలకి వస్తే ఊపిరికే ప్రమాదం. గొంతులో వాపు కాదు కాబట్టి స్టెరాయిడ్‌తో లొంగదు. ఇంజెక్షన్ పవర్ తగ్గాక మళ్ళీ రావచ్చని కొన్ని రోజుల పాటు వేసుకోమని ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు ఇచ్చారు. యూరప్ మందుల సంస్థ 2013లోనే మెటోక్లోప్రమైడ్ 5 రోజులకి మించొద్దు, ఏడాదిలోపు పిల్లలకి అసలు వద్దు అని చెప్పింది.

ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఓపీ చీటీ మీద ఈ మందు నాకు పడదని ముందే రాయిస్తా, వాంతులకే ఇచ్చే ప్రోక్లోర్‌పెరాజిన్‌తో కూడా ఇలా రావచ్చని అదీ రాయిస్తా. ఇంట్లో ఎవరికైనా మానసిక సమస్యకి డోపమైన్‌ని ఇలాగే అడ్డుకునే హాలోపెరిడాల్ లాంటివి కొత్తగా మొదలుపెడితే మొదటి నాలుగైదు రోజులు కనిపెట్టుకుని ఉండండి, మెడ, నాలుక, గొంతు లాగుతున్నాయంటే చీటీ పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి, ఆ తర్వాత మందు మార్చాలా వద్దా అన్నది రాసిన డాక్టర్‌నే అడగండి, మీ అంతట మీరు ఆపేయొద్దు.