ఒకే 35, రెండు జవాబులు: స్పాడ్ మీటర్ నుంచి పైరు వేర్ల కొలత దాకా

వరి ఆకును, ఆకు పచ్చదనాన్ని కొలిచే చేతి పరికరమైన స్పాడ్ మీటర్ నోట్లో పెట్టి నొక్కగానే 35.0 అని వస్తుంది. ఇక యూరియా వేయాలా వద్దా? ఆ అంకె ఒక్కటే చూసి జవాబు చెప్పకూడదు. ఎందుకో తెలియాలంటే మీటర్ దేన్ని కొలుస్తుందో ముందు తెలియాలి.

మీటర్ ఆకు గుండా రెండు రకాల వెలుగు పంపుతుంది: 650 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణం. పత్రహరితం ఎరుపును పీల్చుకుంటుంది, పరారుణాన్ని దాదాపు వదిలేస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి నుంచి అంకె పుడుతుంది. దానికి యూనిట్ అంటూ లేదు. అది నేరుగా నత్రజని శాతమూ కాదు. కొలిచే కిటికీ 2 × 3 మిల్లీమీటర్లే, ఆకు మందం 1.2 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంత చిన్న చోటు చూసి మడి మొత్తానికి తీర్పు చెప్పాలి కాబట్టి, ఆకును ఎక్కడ పట్టుకున్నామన్నదే అన్నిటికన్నా ముఖ్యం.

పై నుంచి చూస్తే పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకునే తీసుకోండి. ఇంకా చుట్ట విప్పుకోని మొవ్వాకు వద్దు, కింది ముదురాకు అసలే వద్దు. ఆకు పొడవులో నడిమి భాగాన, నడి ఈనెకు ఒక పక్కన పెట్టాలి. ఈనె కిటికీలో పడితే అంకె నమ్మదగ్గది కాదు. అగ్గితెగులు మచ్చలు, ఆకుముడత పురుగు గీకిన చారలు ఉన్న ఆకును వదిలేయండి. మంచు తడి ఉంటే తుడవాలి. ఎండలో మీటర్‌కు మీ నీడ పడేలా నిలబడండి.

మీటర్ ఆన్ చేయగానే ఆకు లేకుండా తల మూసి క్రమాంకనం (మీటర్‌ను సరిచేసుకోవడం) చేయాలి. కిటికీ మీద బురద చుక్క ఉండగా ఇది చేస్తే ఆ తప్పు రోజంతా వెంట వస్తుంది. ముందు మెత్తని బట్టతో తుడిచి, మీటర్‌తో పాటు వచ్చే పరీక్ష పలకతో సరిచూసుకోండి. వేళ కూడా మార్చకండి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు హరితరేణువులు కణాల గోడల వైపు సర్దుకుంటాయి, ఆకు గుండా వెలుగు ఎక్కువగా దాటుతుంది, అంకె తగ్గుతుంది. ఒక వారం పొద్దున 8కి, మరో వారం మధ్యాహ్నం 1కి కొలిచి రెండూ పోల్చడం వృథా. 8 నుంచి 10 మధ్య అని పెట్టుకుంటే సరి.

మీటర్ జ్ఞాపకంలో 30 అంకెలు పడతాయి. గట్టు పక్క వరసలు వదిలి, మడికి అడ్డంగా నడుస్తూ దుబ్బుకో ఆకు చొప్పున 30 తీసి సగటు చూడండి. తేడాగా ఉన్న అంకెను వెంటనే చెరిపి, అదే దుబ్బులో మళ్లీ కొలవచ్చు.

ఇక 35 సంగతి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరిశోధనల్లో నాటు వరికి 35 హద్దుగా తేలింది, అంతకన్నా తగ్గితే నత్రజని వేయాలని. వెద వరికి అంతకన్నా తక్కువ. కానీ రకాన్ని బట్టి ఆకు సహజ రంగే వేరు. సాంబమసూరికి, ఎంటీయూ 1010 రకానికి ఒకే హద్దు గీస్తే ఒకచోట యూరియా ఎక్కువవుతుంది, మరోచోట పైరు ఆకలితో ఉంటుంది. అందుకే మడిలోనే ఒక చిన్న పట్టీకి, అదే రకం, అదే రోజు నాటినదానికి, నత్రజని లోటు రాకుండా వేసి ఉంచండి. మడి సగటును పట్టీ సగటుతో భాగించి 100తో గుణించండి. పట్టీ 40, మడి 35 అయితే 87.5. ఈ లెక్కలో హద్దు 90. అంతకన్నా తక్కువ కాబట్టి పైపాటు వేయాలి. ఎకరానికి 22 కిలోల యూరియా వేస్తే సుమారు 10 కిలోల నత్రజని అందుతుంది. పట్టీ 37, మడి అదే 35 అయితే 94.6. వారం ఆగి మళ్లీ కొలవండి.

అంకె తగ్గిందంటే కారణం నత్రజనే అనుకోకండి. జింకు లోపంలో కింది ఆకులపై తుప్పు మచ్చలు వస్తాయి, లేత ఆకుల మొదళ్లు పాలిపోతాయి. ఇనుము, గంధకం లోపాల్లో పసుపు లేత ఆకుల్లో మొదలవుతుంది. నత్రజని లోటులో ముందు ముదురాకులు పండుతాయి. ఈ తేడా మీటర్‌కు తెలియదు, కళ్లతోనే చూడాలి.

ఆకు పచ్చదనం తర్వాత పైరు గుబురు, అంటే ఆకు ఎంత దట్టంగా ఉందో. దాన్ని కొలవడానికి రెండు తీరుల పరికరాలున్నాయి, వాటిని వాడే వేళలు వేరు. ఎల్ఏఐ-2200 లాంటి చేపకన్ను కటకం పరికరానికి నేరు ఎండ పనికిరాదు. మబ్బు రోజో, సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలో కావాలి. వెలుగును కొలిచే 80 సెన్సర్ల పొడవాటి ఆక్యుపార్ కడ్డీని ఎండలోనూ వాడొచ్చు, మధ్యాహ్నం తేలిక. అందులో అక్షాంశం, రేఖాంశం, గడియారం సరిగ్గా పెట్టాలి. సూర్యుడి కోణాన్ని అది వాటి నుంచే లెక్కిస్తుంది. పత్తిలో కడ్డీని సాలుకు అడ్డంగా, కలుపు ఆకుల పైన, నేలకు సమతలంగా పెట్టండి. సాలు మీద మాత్రమే కొలిస్తే గుబురు ఎక్కువగా, సాళ్ల మధ్య మాత్రమే కొలిస్తే తక్కువగా కనిపిస్తుంది. పైరు పైన ఒకసారి, పైరు కింద నాలుగైదు సార్లు కొలవండి. మధ్యలో మబ్బు అడ్డొస్తే ఆ జత మొత్తం కొట్టేయండి. ఒక మాట: కొమ్మలు, కాయలు అడ్డుకున్న వెలుగును కూడా ఇది ఆకు ఖాతాలోనే వేస్తుంది.

ఇక పైరు వేళ్లు (వేర్లు) కొలిచే దగ్గర పరికరం కన్నా నేలే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పారదర్శక గొట్టం పాతి, లోపల స్కానర్ దించే పద్ధతి ఎర్ర నేలల్లో బాగానే పనిచేస్తుంది. నల్లరేగడి ఎండినప్పుడు గొట్టం చుట్టూ బీట పడుతుంది, వేళ్లు ఆ సందు వెంట దిగుతాయి, లెక్క పెరిగిపోతుంది. రేగడిలో నాకు నమ్మకం మట్టి కోర్ మీదే, అంటే గొట్టం దింపి పైకి తీసిన మట్టి కడ్డీ. కోర్‌ను, మట్టిని విడదీసే కాల్గన్ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, అర మిల్లీమీటరు జల్లెడ మీద సన్నధారతో కడగాలి. చచ్చిన పాత వేళ్లు, కలుపు వేళ్లు ఏరేయాలి.

స్కానర్ లేకపోయినా పొడవు కొలవచ్చు. సెంటీమీటరు గళ్ల కాగితంపై గాజు పళ్లెం పెట్టి, పలుచటి నీటిలో వేళ్లను ఒకదానిపై ఒకటి పడకుండా పరచండి. నిలువు, అడ్డ గీతలను అవి ఎన్నిసార్లు దాటాయో లెక్కించి 0.786తో గుణిస్తే పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. 400 సార్లు దాటితే సుమారు 314 సెంటీమీటర్లు. దాన్ని కోర్ ఘనపరిమాణంతో భాగిస్తే ఘన సెంటీమీటరు మట్టిలో ఎంత పొడవు వేరుందో తెలుస్తుంది.