నాన్న కాలివేళ్లు

పొద్దున నాన్నని ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. కుడికాలి రెండో వేలు మధ్య కణుపు దగ్గర పైకి లేచి, కొస కిందికి వంగి చాలాకాలమైంది. ఆ కణుపు మీద బూటు రాసుకుని రాసుకుని ఆనెకాయ కట్టింది. ఈమధ్య మూడో వేలు కూడా వంగుతోందని నాకు అనుమానం.

ఎక్స్‌రే మాట ఎత్తకముందే డాక్టర్ వేళ్లని చేత్తో పట్టుకుని చూశారు. మెల్లగా లాగితే మూడోది తిన్నగా వచ్చేసింది. రెండోది రాలేదు, కీలు బిగిసిపోయింది. వైద్యంలో ముందు తేల్చుకోవాల్సింది ఈ తేడానేనట. చేత్తో సాగుతున్న వేలికి వెడల్పు బూట్లు, టేపు, వ్యాయామం మేలు చేస్తాయి. బిగిసిన వేలికి అవి నొప్పి తగ్గిస్తాయి గానీ దాన్ని తిన్నగా చేయలేవు. అది విన్నప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ మూడో వేలి మీదే ఉంది.

నాన్న రెండో వేలిలా మధ్య కీలు వంగితే దాన్ని హ్యామర్ టో అంటారట. గోరు దగ్గరి కీలు వంగితే మాలెట్ టో. రెండూ వంగి, వేలు మొదలు పైకి లేస్తే క్లా టో. అన్ని వేళ్లూ అలా ముడుచుకుంటే నరాల జబ్బేమైనా ఉందేమో చూస్తారు. నాన్నకి షుగర్ ఉంది కాబట్టి స్పర్శ తగ్గిందేమో చూడ్డానికి కళ్లు మూసుకోమని, అరికాలికి అక్కడక్కడా సన్నటి నైలాన్ పోగు ఆనించి "తెలుస్తోందా?" అని అడిగారు. ప్రతిచోటా తెలిసింది. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు.

"ఆపరేషన్ చేసేస్తే ఒక్కసారిగా వదిలిపోతుంది కదండీ" అన్నారు నాన్న. చూపుకి బాగోలేదని కోయకూడదు, బూట్లు మార్చినా నొప్పి తగ్గకపోయినా, పుండ్లు పడుతున్నా అప్పుడు ఆలోచిద్దాం అన్నారాయన. సాగే వేలికైతే టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది, వదులు చేస్తారు, లేదా దాన్ని మరో చోట కుడతారు. బిగిసిన వేలికి కీలు దగ్గర కాస్త ఎముక తీస్తారు, లేదంటే రెండెముకల్నీ అతుక్కునేలా చేస్తారు. వేలు కదలకుండా సన్నటి తీగ గుచ్చితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంచుతారు. వాపు పూర్తిగా తీయడానికి నెలలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాదానికి రక్తం సరిగా అందుతోందో లేదో ముందే చూసుకోవాలి. నాన్న మళ్లీ ఆపరేషన్ ఊసెత్తలేదు.

సాయంత్రం నాన్నని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీశాను. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, కొలత అప్పుడే తీయాలి. రోజూ వేసుకునే బూటు ఆ గీత మీద పెట్టి చూస్తే, ముందువైపు రెండు పక్కలా పాదం బూటు బయటికి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ వేళ్లు అంత ఇరుకులో నలిగాయంటే కడుపులో దేవినట్టయింది. కొత్తవాటికి ముందుభాగం వెడల్పుగా, లోపల ఎత్తుగా ఉండాలి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరుకి పైగా ఖాళీ ఉండాలి. నాన్నకి ఆ పొడవైన వేలు బొటనవేలు కాదు, రెండోదే.

ఆనెకాయని బ్లేడుతో చెక్కుకోవడం నాన్నకి ఎప్పటినుంచో అలవాటు. ఇవాళ ఆ బ్లేడు తీసి పారేశాను. ఆనెల మీద అంటించే మందు పట్టీలూ వద్దన్నాను. వాటిలో ఉండే సాలిసిలిక్ యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది, షుగర్ ఉన్న కాలికి ఆ పుండు త్వరగా మానదు. "చేతకానివాణ్ణి చేసేశావు తల్లీ" అని చిన్నబుచ్చుకున్నారు. అయినా సరే, ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

పడుకునే ముందు నేల మీద తువ్వాలు పరిచి, కాలివేళ్లతో దగ్గరికి లాక్కోమన్నాను. పాదంలోని చిన్న కండరాలకి బలం రావాలని. మూడో వేలిని నా చేత్తో సాగదీసి కాసేపు పట్టుకున్నాను, ఇంకా తేలిగ్గానే వస్తోంది. రేపు బూట్లు కొనడానికి ఆ కాగితం వెంట తీసుకెళ్లాలి.