ఎంఎస్‌డీపీని వదిలేసి సీసీఐఈ ల్యాబ్‌కు వెళ్లకండి

సిస్కో వారి నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఐఈ ఎంటర్‌ప్రైజ్ ల్యాబ్ పాసయ్యాను. తిరుపతిలోనే ఉండి చదివి, బెంగళూరు వెళ్లి రాసి వచ్చాను. ఏ ప్రశ్నలు వచ్చాయని అడగకండి, బయట చెప్పబోమని ఒప్పుకున్నాకే అక్కడ కూర్చోనిస్తారు. మూడు గంటల డిజైన్, ఆపైన ఐదు గంటల రెండో భాగం సంగతి మీకు తెలిసిందే. సిలబస్‌లో ఒక్క వరుసలో ఉండి అందరూ దాటేసే ఎంఎస్‌డీపీ గురించే నా మాటంతా. మల్టీకాస్ట్‌లో, అంటే ఒకే స్ట్రీమ్‌ను ఒకేసారి చాలామందికి పంపే పద్ధతిలో, పంపేవారూ అందుకునేవారూ కలిసే రౌటర్ ఆర్‌పీ. ఏ సోర్సు ఎక్కడుందో ఆర్‌పీలు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్ ఎంఎస్‌డీపీ.

ఎనీకాస్ట్ ఆర్‌పీకి, అంటే ఒకే అడ్రసును కొన్ని ఆర్‌పీలు పంచుకోవడానికి, నాలుగు కమాండ్లు చాలంటారు. నిజమే. కానీ ఒరిజినేటర్ ఐడీ (పంపిన ఆర్‌పీకి గుర్తుగా ఇచ్చే సొంత అడ్రసు) ఎందుకంటే చాలామంది నీళ్లు నములుతారు. అది ఇవ్వకపోతే, ఫలానా సోర్సు ఉందని చెప్పే ఎస్ఏ సందేశంలో ఉమ్మడి ఆర్‌పీ అడ్రసే వెళ్లవచ్చు. అందుకున్న రౌటర్ అది తన అడ్రసే కదా అని సందేశాన్ని పారేస్తుంది.

రెండు అటానమస్ సిస్టమ్‌ల (ఏఎస్, అంటే ఒకే యాజమాన్యం కింది నెట్‌వర్క్) మధ్య పెట్టినప్పుడే దీని అసలు స్వరూపం తెలుస్తుంది. నా ల్యాబ్‌లో పక్క ఏఎస్‌లో ఒక ఆర్‌పీ, మా ఏఎస్‌లో రెండు, వరుసగా కట్టాను. చివరి రౌటర్‌కు మధ్య రౌటర్ ఒక్కటే పీరు (ఎస్ఏలు ఇచ్చిపుచ్చుకునే జత రౌటర్). స్ట్రీమ్ చక్కగా వచ్చింది. చివరి రౌటర్‌కు ఇంకో పీరును చేర్చగానే ఆగిపోయింది. సెషన్లన్నీ అప్‌లోనే ఉన్నాయి, ఎంఎస్‌డీపీ వాడే టీసీపీ 639 పోర్టుకు అడ్డేమీ లేదు, అందిన ఎస్ఏలను దాచుకునే ఎస్ఏ క్యాష్ మాత్రం ఖాళీ. తెల్లవారుజామున సిస్కో డాక్యుమెంటేషన్ ముందేసుకుంటే విషయం తెలిసింది: ఉన్నది ఒక్క పీరే అయితే రౌటర్ పీర్-ఆర్‌పీఎఫ్ తనిఖీ (ఎస్ఏ సరైన పీరు నుంచే వచ్చిందా అని చూడటం) చేయదు, రెండో పీరు రాగానే మొదలుపెడుతుంది. ఐబీజీపీ (ఏఎస్ లోపల దారులు పంచుకునే ప్రోటోకాల్) ఇంటర్‌ఫేస్ అడ్రసు మీద, ఎంఎస్‌డీపీ లూప్‌బ్యాక్ (రౌటర్‌లోని ఊహా ఇంటర్‌ఫేస్) మీద ఉంటే, అడ్రసులు కలవక ఆ తనిఖీ ఎలా నెగ్గుతుంది? రెండింటికీ ఒకే అడ్రసు వాడాను, క్యాష్ నిండింది. ఒకే డొమైన్‌లోని ఆర్‌పీలకైతే మెష్ గ్రూప్ (అన్నీ ఒకదానికొకటి పీర్లైన జట్టు) కూడా పనిచేస్తుంది.

అప్పటి నుంచి లోపం వెతికే నా వరుస మారలేదు. ముందు సెషన్: చిన్న ఐపీ ఉన్న వైపు కనెక్షన్ మొదలుపెడుతుంది, పెద్దది ఎదురుచూస్తుంది. తర్వాత ఎస్ఏ క్యాష్. అందులో సోర్సు కనిపించినా స్ట్రీమ్ రాకపోతే ఎంఎస్‌డీపీ జోలికి వెళ్లకుండా, సోర్సు వైపు ఆర్‌పీఎఫ్ దారి (సోర్సుకు తిరిగి వెళ్లే దారి) చూడండి. స్ట్రీమ్ కావాలని అడిగే జాయిన్ సందేశం వెళ్లేది ఆ దారినే.

హైదరాబాద్ కోచింగ్ లేకుండా ఎలా సాధ్యమని కొందరు, అదృష్టమని కొందరు అంటున్నారు. అమ్మయితే అంతా స్వామి దయ అంటోంది, మొక్కు తీర్చడానికి అలిపిరి మెట్లన్నీ నాతో ఎక్కించింది కూడా. కాదనను. కానీ బైరాగిపట్టెడ గదిలో, షిఫ్టు ముగిశాక, నిద్ర కళ్లతో రోజూ ఒక టాపాలజీ కట్టింది నేనే. వీడియో చూస్తూ తల ఊపడం చదువు కాదు. కట్టండి, చెడగొట్టండి, మళ్లీ కట్టండి. పెళ్లిళ్లు, క్రికెట్ మ్యాచ్‌లు వచ్చే ఏడాదీ ఉంటాయి.

నోట్సు అడిగినవారికి: ఎస్ఏ ఫిల్టర్లు చూడకుండా రాయగలిగేలా అలవాటు చేసుకోండి. 239తో మొదలయ్యే ప్రైవేటు మల్టీకాస్ట్ గ్రూపులు, ఆర్‌పీ ఎవరో రౌటర్లకు చాటే ఆటో-ఆర్‌పీ వాడే 224.0.1.39, 224.0.1.40 డొమైన్ దాటకూడదు. 232 పరిధిలోని ఎస్ఎస్ఎంకు (సోర్సును ముందే పేర్కొనే మల్టీకాస్ట్‌కు) ఎంఎస్‌డీపీ అక్కర్లేదు, ఐపీవీ6కు అసలు లేనే లేదు.